తేదీ

మాకు జూన్ అంటే మంచు.
మలుతి కొండల మీద గొర్రెల ఊపిరి పొగలా లేచే నెల.
నాకప్పుడు పదకొండేళ్ళు.
ఏడాది కాపలాకి జీతం ఒక ఆవు.
ఆవు ఇంటికి, చలి నాకు.

పొద్దుగూకాక మందని రాతిదొడ్లోకి తోలి
కుక్కని గుమ్మానికి కాపలా పెట్టి
దుప్పట్లు బిగించుకుని ఏడుగురం లోయ దిగేవాళ్ళం,
చర్చి వెనక గదికి.
కిరసనాయిలు దీపం ఒకటి. బెంచీలు లేవు.
తడి ఉన్ని వాసన, కుక్కల వాసన, మా వాసన.
మ్మె మాలినెయో ముక్కు మూసుకునేది కాదు.
నవ్వేదీ కాదు.
మ్మె అంటే అమ్మ. పంతులమ్మనీ అలాగే పిలుస్తాం మేం,
అందులో ప్రేమేమీ ఉండనక్కర్లేదు.

మొదటి రాత్రి అక్షరాల జోలికే పోలేదు.
"ఇవాళ తేదీ ఎంత?" అంది.
ఎవడికి తెలుసు?
మేమెరిగిన రోజులు రెండే:
ఉన్ని కత్తిరించే రోజు, కత్తిరించని రోజు.
సుద్దతో అంకెలు వేసి చూపించింది.
"ఏం రాసినా ముందు ఇది.
తేదీ లేని మాటని
బలమున్న ప్రతివాడూ కాదంటాడు."

నోటుపుస్తకాన్ని కత్తితో సగానికి కోసి
ఇద్దరికి పంచింది.
రెండో ఏటికి నా సగం నిండటం మొదలైంది.

*ఫిబ్రవరి 6. యజమాని లెక్కపెట్టి ఒప్పగించాడు. నలభై నాలుగు.*
*మార్చి 9. నక్క ఒక పిల్లని ఎత్తుకుపోయింది.
చెవి దొరికింది. చూపించాను.*
*ఏప్రిల్ 2. వాన. నలభై మూడు.*
*ఏప్రిల్ 3. నలభై మూడు.*

తప్పుల కింద ఎర్రగీతలు, వాతలు పెట్టినట్టు.
తేదీ పక్కన మాత్రం
రోజూ చిన్న టిక్కు.

జూలైలో అమ్మ పోయింది.
కబురు కొండెక్కేసరికి మట్టి కూడా వేసేశారట.
మంచులో మందని వదిలి పోతావా అన్నాడు యజమాని.
ఆ రాత్రి గదికి పోయాను.
ఎందుకంటే చెప్పలేను. దీపం ఉంటుందనేమో.
అందరూ తలలు వంచి రాస్తున్నారు.
*జూలై 17* అని రాశాను.
పెన్సిలు అక్కడే ఆగిపోయింది.

ఆవిడ వంగి చూసింది. ఎవరో చెప్పే ఉంటారు.
తల నిమరలేదు.
ధైర్యం చెప్పలేదు.
ఎర్రకలం తీసి
ఆ ఖాళీ పేజీలో, తేదీ పక్కన
ఎప్పటంత టిక్కే పెట్టి
పక్క పిల్లాడి దగ్గరికి జరిగింది.
దుప్పటి తలమీదికి లాక్కుని
నేను ఏడ్చింది అప్పుడే.

ఏడాది చివర ఐదు గొర్రెలు తగ్గాయన్నాడు యజమాని.
నలభై ఎనిమిది ఇచ్చాడట. ఆవు లేదు పొమ్మన్నాడు.
గ్రామపెద్ద ముందు సగం పుస్తకం తెరిచాను.
నత్తినత్తిగా చదివాను, వేలు పెట్టుకుని.
"మార్చి తొమ్మిదిన చెవి చూపించాడా లేదా?"
పెద్దాయన అడిగితే
యజమాని తన బూట్ల వైపు చూసుకున్నాడు.
ఆవు వచ్చింది. బక్కది, కొమ్ము విరిగింది.
అయినా చెల్లెళ్ళు రెండేళ్ళు పాలు తాగారు.

తర్వాత ఆవిడకి దగ్గు పట్టుకుంది.
ఎవరిదో గుర్రమెక్కి రోడ్డు దాకా, అక్కణ్ణించి
పట్నం ఆసుపత్రికి.
గదికి తాళం పడింది. ఆమె తిరిగి రాలేదు.
ఏ నెలలో పోయిందో, అసలు ఏ ఏడో
అడిగినవాళ్ళెవరూ చెప్పలేకపోయారు.
అన్ని తేదీలున్న నా దగ్గర
ఆ ఒక్కటీ లేదు.

ఇప్పుడు ఉన్ని షెడ్డులో తూకం గుమాస్తాని.
కుర్రాళ్ళు మూటలు మోసుకుని వస్తారు,
పగిలిన పెదాలతో, యజమానుల పేర్లతో.
కాటా ముల్లు నిలబడ్డాక
చీటీ నేను రాయను. పెన్సిలు వాళ్ళ చేతికిస్తాను.
"ఇవాళ తేదీ ఎంత?"
తెల్లమొహం వేస్తారు.
చూపిస్తాను. ఒక్కో అంకె. మెల్లగా.
వెనక వరస పెరుగుతుంది,
పొద్దు పోతోందని గొణుగుతారు.
గొణగనీ.